నేల మీద పరిచిన నిచ్చెన

శివరాత్రితో చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతుందని మన పెద్దల మాట. ఆ పండగ వెళ్లిన శనివారం ఉదయం కాలిఫోర్నియాలోని నాపా పట్నం తూర్పు అంచున కారు మీంచి సైకిళ్లు దించుతుంటే మాత్రం వేళ్లు కొంకర్లు పోయాయి. దక్షిణాన ఉన్న శాన్ పాబ్లో సముద్రపు పాయ మీంచి వచ్చిన పొగమంచు, పాలకుండ ఒలికినట్టు లోయంతా పరుచుకుని ఉంది. టైర్లలో గాలి చూసుకుని, నీళ్ల సీసాలు తగిలించుకుని, వీపు జేబుల్లో పులిహోర పొట్లాలు దోపుకుని బయల్దేరాం, నేనూ మా బావమరిదీ.

పది నిమిషాల్లో ఇళ్లు వెనకబడ్డాయి. మరో పావుగంటకు మంచు పలచబడింది. అప్పుడు కనిపించింది పసుపు. కత్తిరించిన ద్రాక్ష మొదళ్లు నల్లగా, మోడుల్లా వరుసలు కట్టి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నేల కనపడకుండా మోకాలెత్తున ఆవపూలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ లోయంతా ఇలాగే ఉంటుంది. అందం కోసం మాత్రమే వదిలేసిన పూలు కావవి. చలికాలపు వానలకు మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచి, తర్వాత నేలలో కలిసి బలమిస్తాయి. మన రైతులు జనుము, జీలుగ చల్లి పచ్చిరొట్టగా కలియదున్నడం లాంటిదే ఇది. కారులో ఈ దారిన నాలుగైదుసార్లు వెళ్లాను, పూలు చూశాను. వాటి ఘాటైన పచ్చివాసన మాత్రం సైకిల్ ఎక్కిన రోజే ముక్కుకు తగిలింది.

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను, బావమరిది శాన్‌హొసేలో. శని, ఆదివారాల్లో హెల్మెట్లు పెట్టుకుని రోడ్డెక్కే తెలుగువాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఉన్నారు. లివర్‌మోర్ గుడికి దర్శనానికి వెళ్లే దారిలో కూడా ద్రాక్షతోటలున్నాయి, అక్కడా తొక్కుతాం. కానీ ఏడాదికి ఒక్కసారైనా నాపాకు రావాలని మా ఇద్దరికీ ఓ నియమం. ఎందుకో చెప్పడానికే ఈ కథనం.

ఈ లోయ గుర్తుండాలంటే పటం అక్కర్లేదు, నేల మీద పరిచిన నిచ్చెనను ఊహించుకుంటే చాలు. దక్షిణాన నాపా, ఉత్తరాన కాలిస్టోగా, మధ్య దాదాపు 48 కిలోమీటర్లు. పడమట మయాకమస్ కొండలు, తూర్పున వాకా కొండలు. నాపా దగ్గర ఎనిమిది కిలోమీటర్ల దాకా వెడల్పున్న లోయ, ఉత్తరానికి పోయేకొద్దీ సన్నబడి కాలిస్టోగా దగ్గర కిలోమీటరున్నరకు వస్తుంది. నిచ్చెనకు పడమటి బొంగు 29వ నంబరు హైవే. తూర్పు బొంగు సిల్వరాడో ట్రైల్. యౌంట్‌విల్ క్రాస్ రోడ్, ఓక్‌విల్ క్రాస్ రోడ్, జిన్‌ఫండెల్ లేన్, లార్క్‌మీడ్ లేన్, డునవీల్ లేన్ లాంటి అడ్డదారులన్నీ మెట్లు. అలసినవాళ్లు ఏ మెట్టు దగ్గరైనా అవతలికి దాటి వెనక్కి తిరగొచ్చు. సైకిల్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇంతకంటే ధైర్యమిచ్చే దారి నేను చూడలేదు.

చదును సంగతి అంకెల్లో చెప్పాలంటే, నాపా పట్నం సముద్రమట్టానికి 20 అడుగుల ఎత్తున ఉంటే కాలిస్టోగా 350 అడుగుల దగ్గర ఉంటుంది. 45 కిలోమీటర్లు తొక్కితే ఎక్కేది వంద మీటర్లు. సిల్వరాడో ట్రైల్ కొండ పాదాన్ని ఆనుకుని పోతుంది కనుక చిన్న చిన్న మిట్టలు తగులుతాయి, ఒక గేరు మారిస్తే సరిపోయేవి. ఆ దారి కొండవారగా పోవడానికీ కారణముంది. నాపా నది పొంగి లోయ మధ్యన బండి నడవని బురద అయ్యాక, 1852లో ఎత్తు మీదుగా వేసిన దారి అది. సెయింట్ హెలీనా కొండ గనుల్లో తీసిన ఖనిజం ఈ దారినే బండ్ల మీద ఓడరేవుకు చేరేది. ఆ బండ్లు నడిచిన చోట ఇప్పుడు రోడ్డుకు రెండు పక్కలా వెడల్పాటి అంచు ఉంది, సైకిళ్లు నిశ్చింతగా పోవడానికి. 29వ నంబరు హైవే మీద ఆ నిశ్చింత ఉండదు. శనివారాల్లో అక్కడ కార్లు చీమల బారులా కదులుతాయి. అందుకే సైకిల్ మీద వచ్చేవాళ్లకు తూర్పు బొంగే అసలు దారి.

“బావా, పోయేటప్పుడు జోరుగ పోవాలె. పగటాల దాటితే గాలి మన మొహం మీదికే వస్తది,” అన్నాడు మా వాడు. అనుభవం మీద చెప్పిన మాట. పగలు లోయ నేల వేడెక్కితే సముద్రపు పాయ మీంచి చల్లగాలి దక్షిణం నుంచి ఉత్తరానికి లోయలోకి దూరుతుంది. పొద్దున్నే ఉత్తరానికి పోయి మధ్యాహ్నం తిరిగొచ్చేవాళ్లకు ఎదురుగాలి తప్పదు. ద్రాక్షకు ఆ గాలే ప్రాణం. పగలు 35 డిగ్రీలు కాసినా రాత్రి 12కు దిగిపోయే చల్లదనం వల్లే కాయలో తీపి నిండేటప్పుడు పులుపు కూడా నిలబడుతుంది.

రూథర్‌ఫర్డ్ ఊరు దాటాక ఒక తోటలో కత్తిరింపు జరుగుతోంది. పది, పన్నెండు మంది, అందరూ మెక్సికన్లే అనుకుంటాను, మాట స్పానిష్. ఒక్కో మొదలు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏ కొమ్మ ఉంచాలో ఏది తీయాలో కంటితోనే తేల్చుకుని, కత్తెరతో రెండు మూడు నొక్కులు నొక్కి తర్వాతి మొదలుకు పోతున్నారు. నేను సైకిల్ ఆపేశాను. మా తాత చెయ్యి అలాగే ఆడేది.

మా ఊరు మేడ్చల్ పక్కన. మా తాతకు నాలుగెకరాల అనాబెషాహి తోట ఉండేది. అనాబ్-ఎ-షాహి అంటే రాజద్రాక్ష. హైదరాబాద్‌లో దాన్ని మొదట నాటి పెంచింది అబ్దుల్ బాకర్ ఖాన్ అని చెబుతారు. పొడుగ్గా, గింజతో, లేత పసుపు రంగులో ఉండే పెద్ద కాయ. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట దారిలో బస్సు కిటికీలోంచి చూస్తే ఆ పందిళ్లే. తర్వాత గింజలేని థామ్సన్ రకం వచ్చింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష కోసమే ఒక పరిశోధన కేంద్రం వెలిసింది. నాపా వాళ్లు చలికాలం చివర్లో ఒకసారి కత్తిరించి శరదృతువుకు కోస్తారు. మన దగ్గర తీగ నిద్రపోదు కనుక వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి రెండు కత్తిరింపులు చేస్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. అంటే సరిగ్గా నేను ఆ మోడుల ముందు నిలబడ్డ రోజుల్లోనే మా ఊళ్లో గంపలు నిండేవి.

సెయింట్ హెలీనా ఊరు దాటాక సిల్వరాడో ట్రైల్ పక్కన కాలిన చెట్లు మొదలయ్యాయి. 2020 సెప్టెంబరు 27న ఈ కొండల్లో రాజుకున్న గ్లాస్ ఫైర్ నాపా, సొనోమా కౌంటీల్లో 67 వేల ఎకరాలకు పైగా కాల్చింది. రోడ్డు పక్కనే ఉన్న షాటో బాస్‌వెల్ అనే రాతి వైనరీ ఒక్క రాత్రిలో మొండిగోడల పాలైంది. అంతకు మూడేళ్ల ముందు, 2017 అక్టోబరులో, కాలిస్టోగా శివారు టబ్స్ లేన్ దగ్గర మొదలైన మంట కొండ దాటి శాంటారోజా నగరం మీద పడింది. ఈ లోయను పచ్చటి పోస్టుకార్డులా చూసి వెళ్లిపోయేవాళ్లకు ఆ నల్లటి మానులు కనపడవు. సైకిల్ వేగంలో ఒక్కో మానూ పక్కనుంచి మెల్లగా వెళుతుంది. మొదళ్ల నుంచి కొత్త చిగుళ్లు వేసినవీ ఉన్నాయి, వేయనివీ ఉన్నాయి.

కాలిస్టోగా చేరేసరికి పదకొండు. ఎదురుగా సెయింట్ హెలీనా కొండ, 4,300 అడుగుల పైచిలుకు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1880 వేసవిలో కొత్త పెళ్లికొడుకుగా వచ్చి, డబ్బుల్లేక, ఆ కొండ మీద మూతపడ్డ సిల్వరాడో వెండిగని కూలీల గుడిసెలో కాపురం పెట్టాడు. ఆ రోజుల మీద ఆయన రాసిన పుస్తకమే ‘ది సిల్వరాడో స్క్వాటర్స్’. ‘ట్రెజర్ ఐలాండ్’ రాయకముందు సంగతి.

పార్కు బల్ల మీద పులిహోర విప్పాం. ఇక్కడిదాకా సైకిల్ గురించి చెప్పాను, ఇక కోటల సంగతి.

కోట అంటే మనకు గోల్కొండ, కొండపల్లి, చంద్రగిరి. రాజు, ఫిరంగి, ముట్టడి. నాపా లోయలో రాజులెవరూ లేరు. యూరోపియన్లు రాకముందు వేల ఏళ్లుగా ఇక్కడ ఉన్నది వాపో జాతివాళ్లు. మెక్సికో పాలనలో 1836లో జార్జ్ యౌంట్ భూమి మంజూరు చేయించుకుని, లోయలో మొదటి ద్రాక్ష నాటాడు. 1861లో చార్లెస్ క్రుగ్ వ్యాపారానికి వైన్ చేయడం మొదలుపెట్టాడు. ఆ వెనకే డబ్బున్నవాళ్లు వచ్చారు, రాతి కట్టడాలు లేపారు. అవే ఇక్కడి కోటలు.

వాటిలో చాలా వరకు అలంకారం కోసం కట్టినవి కావు. టబ్స్ లేన్ పక్కన, చెట్ల వెనక దాగినట్టుండే షాటో మాంటెలీనా చూడండి. ఆల్‌ఫ్రెడ్ టబ్స్ అనే తాళ్ల వ్యాపారి 1882లో భూమి కొని కట్టించాడు. ముందు నుంచి చూస్తే ఫ్రెంచి కోట బురుజులు. వెనక సగం కొండలోకి చొచ్చుకుపోయి ఉంటుంది, గోడలు మూడడుగులు దాటిన మందం. కరెంటు లేని కాలంలో వైన్ చల్లగా ఉండాలంటే రాయీ మట్టీయే దారి. మన పాత ఇళ్లలో మందపాటి మట్టిగోడల గదిలో ధాన్యం, నెయ్యి దాచుకోవడం వెనక ఉన్న తెలివే ఇది. రూథర్‌ఫర్డ్ దగ్గరున్న ఇంగిల్‌నుక్‌ను నేను మరో ప్రయాణంలో చూశాను. ఫిన్లాండ్ నుంచి వచ్చి అలాస్కా బొచ్చు వ్యాపారంలో సంపాదించిన ఓడ కెప్టెన్ గుస్తావ్ నీబామ్ 1880లలో కట్టించాడు. పండు పై అంతస్తుకు చేర్చి, రసం తనంతట తానే కిందికి జారేలా కట్టిన తీరు. తర్వాత ఆ భూమి సినిమా దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా చేతికి వచ్చింది. ‘గాడ్‌ఫాదర్’ తీసిన ఆయనే.

మాంటెలీనాకు ఇంకో చరిత్ర ఉంది. 1920లో వచ్చిన మద్యనిషేధం 1933 దాకా సాగింది. లోయలో చాలా వైనరీలు మూతపడ్డాయి, కోటలు ఖాళీ అయ్యాయి. మాంటెలీనాను 1958లో ఒక చైనా కుటుంబం కొని, ముందర చెరువు తవ్వించింది. జేడ్ లేక్ పేరుతో అది ఇప్పటికీ ఉంది. 1972లో చేతులు మారి మళ్లీ వైన్ మొదలైంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1976 మే 24న పారిస్‌లో, పేర్లు కప్పిపెట్టి ఫ్రెంచి నిపుణులకే రుచి చూపించిన పోటీలో తెల్ల వైన్లలో మాంటెలీనా 1973 షార్డనే, ఎర్ర వైన్లలో సిల్వరాడో ట్రైల్ పక్కనున్న స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 కాబర్నే మొదటి స్థానాల్లో నిలిచాయి. ఆ షార్డనే చేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియా నుంచి వలస వచ్చినవాడు. అప్పటిదాకా ప్రపంచం పెద్దగా పట్టించుకోని ఈ చిన్న లోయ పేరు ఆ ఒక్క రోజుతో మారిపోయింది. ఇప్పటికీ కాలిఫోర్నియా వైన్‌లో నాపాది నాలుగు శాతమే.

తిరుగు దారిలో పడమటి బొంగు వైపు దాటాం. అటు కొండ మీద బురుజులు కనిపిస్తాయి. కాస్టెల్లో ది అమొరోసా. ఇది మాత్రం ఉత్త చల్లదనం కోసం కట్టింది కాదు, ఒక మనిషి పట్టుదలతో కట్టిన నిజమైన కోట. ఆ మనిషి డారియో సట్టూయి. ఆయన ముత్తాత ఇటలీ నుంచి వచ్చి 1885లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వైన్ వ్యాపారం పెట్టాడు. మద్యనిషేధం దాన్ని మూయించింది. మునిమనవడు 1976లో సెయింట్ హెలీనాలో దాన్ని మళ్లీ తెరిచాడు. తర్వాత దాదాపు 14 ఏళ్లు కష్టపడి 13వ శతాబ్దపు టస్కనీ కోట పద్ధతిలో దీన్ని లేపాడు. 2007లో జనం చూడ్డానికి తెరిచారు. 107 గదులు, నాలుగు అంతస్తులు నేల పైన, నాలుగు కింద. కందకం, ఎత్తే వంతెన, ప్రార్థనా మందిరం, చివరికి ఒక చిత్రహింసల గది. రాళ్లు ఉలితో చెక్కినవి, ఇటుకలు ఐరోపాలో కూల్చిన పాత కట్టడాల నుంచి ఓడల్లో వచ్చినవి.

నేను మొదటిసారి విన్నప్పుడు ఇది సినిమా సెట్టింగు లాంటిదని కొట్టిపారేశాను. దగ్గరకు వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఒక రాయి పక్కన ఇంకో రాయి సరిగ్గా కూర్చోబెట్టడానికి కాలం పట్టించుకోని మనుషులు ఈ కాలంలోనూ ఉన్నారన్నది చిన్న సంగతి కాదు. 2020 మంటల్లో ఈ ఆవరణలోని వ్యవసాయ భవనం సరుకుతో సహా కాలిపోయింది. కోట నిలిచింది.

దాని పొరుగునే కొండలోకి తొలిచిన ష్రామ్స్‌బర్గ్ వైన్ సొరంగాలున్నాయి. కిందికి సెయింట్ హెలీనాలో బెరింజర్ సొరంగాలు. రెండూ 19వ శతాబ్దపు చైనా కూలీలు గునపాలతో, పారలతో తవ్వినవి. వాళ్లు తవ్వుతున్న రోజుల్లోనే, 1882లో, చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకుండా చట్టం వచ్చింది. కోటలకు యజమానుల పేర్లున్నాయి. సొరంగాల మీద గునపం గాట్లు మాత్రమే ఉన్నాయి. వలస వచ్చి ఈ దేశంలో బతుకుతున్న మనం ఆ గాట్ల ముందు కాసేపైనా ఆగాలనిపిస్తుంది నాకు.

ఇక్కడి నుంచి సెయింట్ హెలీనా దాకా ఇప్పుడు రోడ్డు మీద పోనక్కర్లేదు. వైన్ ట్రైల్ పేరుతో నడకకూ సైకిల్‌కూ విడిగా వేసిన బాట ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పడవ వచ్చి ఆగే వలేహో రేవు మొదలుకుని కాలిస్టోగా దాకా 47 మైళ్లు, అంటే 75 కిలోమీటర్ల బాట వేయాలని 2008లో ఒక స్వచ్ఛంద సంస్థ పూనుకుంది. నాపా, యౌంట్‌విల్ ముక్క ముందే పూర్తయింది. సెయింట్ హెలీనా, కాలిస్టోగా ముక్క 2024లో తెరిచారు. ఈ కొత్త ముక్క రెడ్‌వుడ్ చెట్ల నీడలోంచి, 1846 నాటి బేల్ పిండిమర పక్కనుంచి పోతుంది. 36 అడుగుల చెక్క నీటిచక్రం ఉన్న మర అది. ద్రాక్ష రాజ్యమేలక ముందు ఈ లోయ గోధుమ పండించేదని ఆ చక్రం గుర్తుచేస్తుంది. చిన్నపిల్లలతో వచ్చే తెలుగు కుటుంబాలకు నా సలహా ఈ ముక్కే. వైన్ రుచి చూడదలచినవాళ్లు సైకిల్ దిగాకే ఆ పని పెట్టుకోండి. తాగి సైకిల్ తొక్కడం కాలిఫోర్నియాలో నేరం.

బాట చివర సెయింట్ హెలీనా మొదట్లో గ్రేస్టోన్ కనిపిస్తుంది. 1889లో పూర్తయిన భారీ రాతి కట్టడం. ఇప్పుడు అందులో వంట నేర్పే కళాశాల నడుస్తోంది. దాని పక్కనే బెరింజర్ వాళ్ల రైన్ హౌస్, 1884 నాటిది, జర్మనీలో రైన్ నది ఒడ్డున వదిలి వచ్చిన ఇంటి జ్ఞాపకంగా కట్టుకున్నది.

గ్రేస్టోన్ మెట్ల మీద కూర్చుని చూస్తే ముందు పరుచుకున్నదంతా ద్రాక్షే. ఇల్లు కట్టుకోవడానికి ఇంతకంటే మంచి చదును నేల ఎక్కడుంటుంది? శాన్‌ఫ్రాన్సిస్కోకు గంటన్నర దూరం. కొండలు, నది, హాయైన వాతావరణం. ఎకరం లక్షల డాలర్ల మాట. మరి ఇక్కడ అపార్టుమెంట్లు ఎందుకు లేవు?

దానికి జవాబు 1968 ఏప్రిల్ 9. ఆ రోజు నాపా కౌంటీ పాలకమండలి ఈ లోయ నేలను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. 20 ఎకరాల కంటే చిన్న ముక్కలుగా భూమిని కోయడానికి వీల్లేదన్నారు, తర్వాత దాన్ని 40 ఎకరాలకు పెంచారు. వ్యతిరేకించినవాళ్లూ రైతులే. ‘మా భూమి మేం అమ్ముకునే హక్కు తీసేస్తారా’ అని కోపగించారు, కోర్టుకెక్కారు. చట్టం నిలిచింది. పాలకులు మారితే చట్టం మారిపోతుందన్న భయంతో 1990లో ప్రజలే ఓటు వేసి, ఈ సాగుభూమిని మరో పనికి మార్చాలంటే జనం ఓటు ఉండాల్సిందేనని తేల్చారు. 2008లో ఆ ఏర్పాటును 2058 దాకా పొడిగించారు. ఇప్పుడు 38 వేల ఎకరాల దాకా ఈ రక్షణలో ఉంది.

1968లో వాళ్లను భయపెట్టిన ఉదాహరణ ఏదో తెలుసా? శాంటాక్లారా లోయ. ఇప్పుడు మనం సిలికాన్ వ్యాలీ అంటున్నదే. ఒకప్పుడు దాన్ని ‘వ్యాలీ ఆఫ్ హార్ట్స్ డిలైట్’ అనేవారు. ఆప్రికాట్, ప్రూన్ తోటలు కొండల దాకా పూసేవట. రెండు, మూడు దశాబ్దాల్లో అవన్నీ ఇళ్లూ ఆఫీసులూ అయిపోవడం నాపా రైతులు కళ్లారా చూశారు. సన్నీవేల్‌లో ఇప్పుడు పదెకరాల ఆప్రికాట్ తోటను జ్ఞాపకంగా కాపాడుతున్నారు. తూర్పున వాకా కొండల అవతల ఇంకో లోయ కథ ఇంకా దగ్గరిది. బెర్రియెస్సా లోయలో మాంటిచెల్లో అనే ఊరు, దాని పండ్లతోటలు 1957లో కట్టిన ఆనకట్ట కింద మునిగాయి. ఆ ఊరి ఆఖరి ఏడాదిని డోరోథియా లాంగ్, పిర్కిల్ జోన్స్ ఫొటోలు తీశారు. శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్లు ఆ బొమ్మలు చూస్తే ఏ ఊరో అడగరు.

మన ఉపాధి ఒక పోయిన లోయలో ఉంది, మన సెలవురోజు ఒక నిలబెట్టుకున్న లోయలో. ఈ ఎరుక నాకు ఇక్కడ తొక్కిన ప్రతిసారీ వస్తుంది. కోట గోడ కంటే ఆ 1968 నాటి కాగితమే ఈ లోయకు అసలు కోట అని నా నమ్మకం.

మేడ్చల్‌కు అలాంటి కాగితం రాలేదు. 1990లలో నీళ్లు కిందికి దిగిపోయాయి, కూలి పెరిగింది, నగరం దగ్గరికొచ్చింది. మా నాన్నా బాబాయిలూ తోటను ముక్కలుగా అమ్మారు. వాళ్లను తప్పుపట్టను. పిల్లల చదువులు, అక్క పెళ్లి, నా విమాన టికెట్టు ఆ తోటలోంచే వచ్చాయి. ఒక్కటి మాత్రం కళ్లలో నిలిచిపోయింది. తోట కొన్నవాళ్లు పందిరిని మోసిన రాతి కడీలను పారేయలేదు. వాటినే పీకి, ప్లాట్ల మూలల్లో హద్దురాళ్లుగా పాతారు.

హైదరాబాద్‌కు అలాంటి కాగితాలే లేవని కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. గండిపేట వైపు పొద్దున్నే సైకిల్ మీద వెళ్లేవాళ్లకు ఇంకా కాస్త పచ్చదనం కనిపిస్తోందంటే ఆ జీవో పుణ్యమే. 2022లో దాన్ని సడలించే ఉత్తర్వు వచ్చింది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ బాట వేశారు, దేశమంతా మెచ్చుకుంది. నేనూ తొక్కాను, బాగుంది. బాటకు రెండు పక్కలా ఏముంటుందన్నది కూడా ఎవరో ఒకరు ఇప్పుడే నిర్ణయించాలి కదా అని తొక్కుతున్నంతసేపూ అనిపించింది.

నాపా పద్ధతిలో లోపమే లేదని చెప్పను. భూమి ముక్కలు కాకపోవడంతో చిన్న రైతు ఇక్కడ కొనగలిగే రోజులు పోయాయి. ఇళ్ల ధరలు అందవు. ఆ పొద్దున కత్తిరింపు చేస్తున్నవాళ్లలో చాలామంది పక్క కౌంటీల నుంచి తెల్లవారుజామునే వస్తారు. కోతల కాలంలో రాత్రిళ్లు దీపాల వెలుగులో పనిచేసేదీ వాళ్లే. ఆ ఇబ్బందికి తోటల యజమానులు ఎకరానికింత చొప్పున తమ మీద తామే పన్ను వేసుకుని కూలీల కోసం మూడు వసతిగృహాలకు డబ్బు ఇస్తున్నారు. చాలవు. అయినా ఆ పన్ను వేసుకున్నారన్నది రాయదగ్గ మాట.

గాలి అనుకున్నట్టే ఎదురొచ్చింది. జిన్‌ఫండెల్ లేన్ మీదుగా మళ్లీ తూర్పుకు దాటుతుంటే పాత రాతి వంతెన కింద నాపా నది తగిలింది. లోయ పేరు నదిదే అయినా సైకిల్ మీద అది కనపడేది ఇలాంటి వంతెనల దగ్గరే. 55 మైళ్ల చిన్న నది, చాలా చోట్ల చెట్ల మాటున దాక్కుంటుంది. పొంగితే మాత్రం ఊళ్లు ముంచింది. దాన్ని కాలువలా బిగించి కట్టడం తప్పని తెలుసుకున్నాక, ఈ వంతెన నుంచి ఓక్‌విల్ క్రాస్ రోడ్ దాకా నాలుగున్నర మైళ్ల మేర గట్టు పక్క రైతులు సొంత ద్రాక్ష వరుసలు కొన్ని పెరికేసి నదికి చోటిచ్చారు. ఎకరం విలువ తెలిసినవాళ్లకు అదెంత త్యాగమో అర్థమవుతుంది. వంతెన గోడకు సైకిళ్లు ఆనించి నీళ్లు తాగుతూ ఇద్దరం చాలాసేపు కిందికి చూస్తూ నిలబడ్డాం. మూసీ మాట మా ఇద్దరి మనసుల్లోనూ ఉంది, ఎవరం ఎత్తలేదు.

ఆ తర్వాత పాతిక కిలోమీటర్లు వంతులవారీగా సాగాయి. రెండు నిమిషాలు నేను ముందు, వాడు నా వెనక గాలి మరుగున. రెండు నిమిషాలు వాడు ముందు. ఎదురుగాలిలో ముందున్నవాడి చక్రం నుంచి జానెడు దూరంలో వెనక చక్రం ఉంచితే కాళ్లకు ఎంత సుఖమో తొక్కినవాళ్లకే తెలుసు. యౌంట్‌విల్ క్రాస్ రోడ్ దగ్గర పడమటికి తిరిగి, ఊరు దాటి, వైన్ ట్రైల్ ఎక్కాక రోడ్డు భయం పోయింది. మీటరు 98 కిలోమీటర్లు చూపిస్తుండగా కారు దగ్గరికి చేరాం. ఆవచేల మీద ఎండ వాలిపోయింది.

సాయంత్రం ఆరు. మేడ్చల్‌లో ఆదివారం పొద్దున ఏడున్నర. దారిలో తీసిన ఫొటోలు అప్పటికే అమ్మకు చేరాయి. ఫోన్ చేశాను.

“ఏందిరా ఇవి, ఎండిన కట్టెలు పంపినవ్?”

“ద్రాక్షనే అమ్మా. కత్తిరించిన్రు. ఇంకో నెలకు చిగురేస్తయి.”

“పందిరేది మరి?”

“ఇక్కడ పందిరి వెయ్యరు. గుంజలు పాతి, తీగలు లాగి, కొమ్మల్ని వాటికే కడతరు.”

కాసేపు అటునుంచి మాట లేదు. స్క్రీన్ మీద వేలుతో ఫొటో పెద్దది చేసి చూస్తోందని తెలుస్తోంది.

“మన దగ్గరైతే ఈపాటికి కోత నడుస్తుండె,” అంది. మళ్లీ కాసేపాగి అడిగింది.

“గుంజలు రాతి కడీలేనా?”

“కాదమ్మా. ఇనుపవి.”

“ఇనుపవైతే చానేండ్లు ఉంటయి తియ్.”